పొయ్యెక్కని పాయసం

రేణుకమ్మ ఆ సీసాను మొదటిసారి చూసింది ఫ్రిజ్‌లో పెరుగు కోసం వెతుకుతున్నప్పుడు. పచ్చడి డబ్బాల వెనక, ఎవరి కంటా పడకూడదన్నట్టు, మూత బిగించి ఉంది. లోపల తెల్లగా ఏదో, దాని నిండా నల్లటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ జిగట. సీసాను పక్కకు వంచి చూసింది. లోపలిది జారలేదు.

"యమునా, ఇదేంది?"

వాకిట్లో గిన్నెలు కడుగుతున్న యమున చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అదా వదినె, చియా గింజలతోని చేసిన. పుడ్డింగ్ అంటరు. ఆయన పొద్దున తింటడు."

"పొయ్యి మీద ఎప్పుడు పెట్టినవ్? నేను చూడకపోతి."

"పొయ్యి మీద పెట్టేది కాదు. ఊర్కె కలిపి పెడ్తే పొద్దుటికి అదే గట్టిపడ్తది."

రేణుకమ్మ సీసాను తీసిన చోటే పెట్టేసింది. నిప్పు తగలకుండా గట్టిపడే తిండి ఆమె ఎరగదు. పెరుగైనా తోడుకోవాలంటే ముందు పాలు కాగాలి కదా.

కురుమూర్తి ఆమె తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే చంకనెత్తుకుని పెంచింది రేణుకమ్మే. వడ్డేపల్లికి కాపురానికి వెళ్లి, భర్త పోయాక మళ్లీ అమరచింతకు, పుట్టింటికే వచ్చేసింది. తర్వాత తమ్ముడి భార్య కూడా జబ్బు చేసి చనిపోయింది. పిల్లలు లేరు. అప్పటి నుంచి అతనికి వండి పెట్టిందీ, జ్వరం వస్తే పక్కన కూర్చున్నదీ ఆమే. కాలువ కింద బత్తాయి తోట, రెండు బర్రెలు, అక్కా తమ్ముడు. అలా నడిచిపోతుండగా కురుమూర్తి మొక్కల కోసమని రాయచూరు వైపు వెళ్లాడు. అక్కడి నర్సరీలో పనిచేసే యమునను చూశాడు. ఆమె మొదటి భర్త కూడా చనిపోయాడు. ఎండలు ముదరకముందే గుడిలో తాళి కట్టి తీసుకొచ్చాడు. అంతకుముందు అక్కను అడిగాడు, నిజమే. కానీ అడిగే నాటికే నిశ్చయం చేసుకున్నాడని రేణుకమ్మకు అతని ముఖం చూడగానే తెలిసిపోయింది.

సీసా చూసిన నాటి నుంచి ఆమె కళ్లు యమున చేతుల మీదే ఉన్నాయి. సాయంత్రం వసారాలో చాట ముందేసుకుని జొన్నలు చెరుగుతూ వంటింట్లోకి చూసేది. యమున అలమరలో పై అర నుంచి ఒక పొట్లం తీసేది. అందులోని గింజలు ఆవాల కన్నా చిన్నవి, కొన్ని నల్లవి, కొన్ని బూడిద రంగువి. అవి మూడు చెంచాలు సీసాలో వేసి, గిలక్కొట్టిన పెరుగూ కొంచెం నీళ్లూ పోసేది. తర్వాత తోటలో కాసిన బత్తాయిని కోయకుండానే తురుముపీట మీద పైపైన రాసి, ఆ పచ్చటి తురుము చిటికెడు వేసేది. నిమ్మచెక్క పిండేది. చెంచాతో కలిపి, కాసేపు ఆగి, మళ్లీ కలిపేది.

"అన్ని సార్లు కలుపుడెందుకు?" అని ఒకరోజు అడిగింది రేణుకమ్మ.

"కలపకుంటే అడుగున ముద్ద కడ్తది వదినె. ఒకసారి కలిపి, జర సేపు ఇడిసిపెట్టి, మళ్ల కలపాలె."

"చక్కెర ఎయ్యవా?"

"బేడ," అంది యమున గబుక్కున. వెంటనే సర్దుకుని, "చక్కెర వద్దు, పండ్లల్ల ఉంటది కదా," అంది. కంగారు పడితే ఆమె నోటికి కన్నడం వస్తుంది.

చక్కెర మాట అడిగితే కంగారెందుకు? రేణుకమ్మ జొన్నలు చెరగడం ఆపలేదు గానీ ఆ మాట ఆమెలో ఉండిపోయింది. కురుమూర్తి చాయ్‌లో రెండు చెంచాల చక్కెర లేనిదే గ్లాసు ముట్టనివాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే కనబడసాగాయి. కురుమూర్తి బుగ్గలు లోపలికి పోయాయి. చేతి గడియారం మణికట్టు మీద నిలవక మోచేతి దాకా జారుతోంది. రాత్రి అన్నం మానేశాడు, ఒక రొట్టె తిని లేస్తున్నాడు. మొగుడూ పెళ్లాం మోటారు సైకిలు మీద వనపర్తి వెళ్లొచ్చారు. ఎందుకని అడిగితే "మందుల షాపుల పనుండె, తోటకు," అన్నాడు అతను. తోట మందులు ఆత్మకూరులో దొరుకుతాయి. అంత దూరం పోవలసిన పని లేదు. పండగనాడు రేణుకమ్మ తమ్ముడికి ఇష్టమని పూర్ణం పెట్టి బెల్లం పోలెలు చేసి పెట్టింది. సాయంత్రం బర్రెలకు కుడితి కలపబోతే తొట్టిలో ఆ పోలెలు తేలుతున్నాయి.

తన చేతి తిండి బర్రెలకు, ఆ నల్ల గింజల జిగట తమ్ముడికి.

ఒకసారి యమున బట్టలు ఉతకడానికి వెళ్లినప్పుడు ఫ్రిజ్ తీసి, సీసా మూత తిప్పి, వేలి కొసతో కొంచెం నాలుక మీద వేసుకుంది. చేదుగా ఉంది. బత్తాయి వాసన ఉంది, పెరుగు పులుపు ఉంది, వాటి వెనక ఒక చేదు ఉంది. నోరు పుక్కిలించినా అది చాలాసేపు పోలేదు.

ఆ సంగతి పక్కింటి బుజ్జమ్మకు చెప్పింది. బుజ్జమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ అంతా విన్నది.

"నువ్ చెప్పేది ఇంటుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది రేణుకా. మందు పెట్టేటోళ్లు గట్లనే పెడ్తరు, చల్లటి దాంట్ల. పొయ్యి ఎక్కితే దాని గుణం పోతదంట."

"గట్లంటవా?"

"నేనంటలేను. జనం అంటరు. అయినా ఆమె మొదటి మొగడు ఎట్ల పోయిండో ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. ఆ సాయంత్రమే అడిగింది. పిండి కలుపుతున్న యమున చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "జబ్బు చేసి పోయిండు," అంది. ఏం జబ్బు అంటే, "ఇప్పుడెందుకు వదినె గా ముచ్చట," అని లేచి పొయ్యి వైపు తిరిగింది.

రేణుకమ్మకు ఇక అనుమానం కాదు, నమ్మకమే కుదిరింది. అయినా ఊరికే మాట అంటే తమ్ముడి ముందు అది నిలబడదు. అతను ఎప్పుడు చూసినా ఆ మనిషి మాటే వింటున్నాడు. పట్టి చూపించాలి. గింజలు గుప్పెడు తీసి కోళ్లకు చల్లింది. అవి చకచకా ఏరుకు తిన్నాయి, మర్నాడు ఎప్పటిలాగే పెంటమీద తిరిగాయి. కోళ్లకేం, రాళ్లు కూడా అరుగుతాయి అనుకుంది.

బత్తాయి కోతల రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ తోటలో ఉన్నారు, కొత్తకోట నుంచి బేరగాళ్లు వస్తారని. ఇంట్లో రేణుకమ్మ ఒక్కతే. అలమర పై అర నుంచి పొట్లం దించి, కొంగులో పోసుకుని, వెలుతురులో చాలాసేపు చూసింది. తర్వాత ఒక నిర్ణయానికి వచ్చింది. తనే తిని చూస్తుంది. ఏమీ కాకపోతే ఏమీ లేదు. ఏమన్నా అయితే, కనీసం తమ్ముడి కళ్లయినా తెరుచుకుంటాయి. ఆ రెండో ఆలోచన వచ్చినప్పుడు ఆమెకు భయం కన్నా ఒక రకమైన తృప్తే ఎక్కువ కలిగింది.

పిడికెడు గింజలు నోట్లో పోసుకుంది. చేదు లేదు, తీపి లేదు, ఇసుక నమిలినట్టుంది. నాలుకకు, పళ్లకు అతుక్కుని దిగవు. చెంబెడు నీళ్లు తాగి మింగేసింది. మిగిలినవి పొట్లంలో పోస్తుంటే కొన్ని నేల మీద రాలాయి.

కాసేపు ఏమీ కాలేదు. వసారాలోకి వచ్చి కూర్చుంది. తర్వాత రొమ్ము నడుమ బరువెక్కింది, ఎవరో లోపల పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు. ఇంకొన్ని నీళ్లు తాగింది. అవి కిందకు దిగలేదు, అలాగే వెనక్కి వచ్చాయి. ఉమ్మి కూడా మింగుడు పడటం లేదు. నోటి నిండా నీరూరి, పెదాల మీదుగా జారుతోంది. గోడ పట్టుకుని లేచి కేకేయబోయింది. మాట రాలేదు.

బుజ్జమ్మ గోడ అవతల నుంచి ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. ఆమె కేకలకు మరో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అంతలోనే తోట నుంచి యమునా కురుమూర్తీ బండి దిగారు. బుజ్జమ్మ అప్పటికే మజ్జిగ గ్లాసు తెచ్చి రేణుకమ్మ నోటి దగ్గర పెడుతోంది.

యమున వంటింట్లోకి చూసింది. తెరిచిన అలమర, నేల మీద గింజలు, పక్కన ఖాళీ చెంబు. ఒక్క అంగలో వచ్చి బుజ్జమ్మ చేతిలోని గ్లాసును తోసేసింది.

"నీరు బేడ. ఏం తాగియ్యొద్దు, బేడ, బేడ."

మజ్జిగ నేలంతా చిందింది. ఆడవాళ్లు నివ్వెరపోయారు. "సచ్చేటి మనిషికి గుక్కెడు నీళ్లు పొయ్యనియ్యవా?" అంది బుజ్జమ్మ. "నేను చెప్పలే? నేను ముందే చెప్పలే రేణుకకు?"

యమున రేణుకమ్మను ముందుకు వంచి కూర్చోబెట్టి, నోట్లోది బయటికే ఉమ్మమంది. భర్త వైపు తిరిగి, "కారు పిలువు, వనపర్తి పోవాలె," అంది. ఖాజా మియా రెండిళ్ల అవతలే ఉంటాడు, కిరాయి కారు నడుపుతాడు. భోజనం మధ్యలో లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు.

వెనక సీట్లో రేణుకమ్మ, ఆమెకు అటూ ఇటూ తమ్ముడు, మరదలు. యమున ఒక తువ్వాలు ఆమె గడ్డం కింద పట్టుకుని ఉంది. బుజ్జమ్మ మాటలు వీధి మలుపు దాకా వినబడ్డాయి. కారు ఊరు దాటాక కురుమూర్తి భార్య వైపు చూశాడు.

"అక్కకు ఏం పెట్టినవ్?"

యమున తువ్వాలు పట్టుకున్న చెయ్యి కదలలేదు. "నేనేం పెట్టలే."

"మరి ఆమెకెట్లయింది? నీళ్లు ఎందుకు పొయ్యనియ్యలే?"

"నీళ్లు పోస్తే ఇంక ఉబ్బుతది. గింజలు తిన్నట్టుంది, ఎండువి."

"ఆమె ఎందుకు తింటది? ఎవరు పెట్టకుండ ఆమె ఎందుకు తింటది?"

ముందు అద్దంలోంచి ఖాజా మియా ఒకసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

రేణుకమ్మ అంతా వింటోంది. ఇన్ని నెలలుగా ఆమె కోరుకున్నది ఈ ప్రశ్నే. తమ్ముడి నోట ఈ మాట రావాలనే ఆమె ఎదురుచూసింది. ఇప్పుడు తను ఏమీ చెయ్యనక్కర లేదు. కళ్లు మూసుకుని ఊరుకుంటే చాలు, మాట రాని మనిషిని ఎవరూ తప్పు పట్టరు. ఆమె కళ్లు మూసుకుంది కూడా. ఆత్మకూరు ఇళ్లు కిటికీ అవతల వెనక్కి పోతుండగా అలాగే ఉండిపోయింది.

కానీ గడ్డం కింది తువ్వాలు తడిసినప్పుడల్లా యమున దాన్ని మడత మార్చి మళ్లీ పెడుతోంది. ఒళ్లంతా బిగుసుకుపోయి ఉంది, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది, చెయ్యి మాత్రం పని మానలేదు. మందు పెట్టిన మనిషి అయితే గ్లాసు తోసేది కాదు. తాగనిచ్చేది, చూస్తూ ఊరుకునేది. ఆ ఆలోచన రేణుకమ్మకు గొంతులోని నొప్పి కన్నా గట్టిగా తగిలింది.

కళ్లు తెరిచి తమ్ముడి మోకాలి మీద కొట్టింది. అతను చూశాక తన రొమ్ము మీద వేలు పెట్టుకుంది. పిడికిలి పట్టి నోటి దగ్గరికి తీసుకెళ్లింది. యమున వైపు చెయ్యి చూపి, కాదని అడ్డంగా ఊపింది. అతనికి అర్థం కాలేదు. మళ్లీ చేసింది. మూడోసారికి అతని ముఖం మారింది.

"నువ్వే తిన్నవా? నీ చేతితోనే?"

ఆమె తల ఊపింది. యమున ఇద్దరి వైపూ చూడలేదు.

వనపర్తిలో డాక్టరమ్మ సన్నటి గొట్టం వేసి, అన్ననాళంలో ముద్దగా ఉబ్బిన గింజలను కొంచెం కొంచెంగా తీసింది. బయటికి వచ్చి, "నీళ్లు పోయకుండా తెచ్చి మంచి పని చేసిండ్రు," అంది. "ఈ గింజలు నానబెట్టి తింటే ఏం కాదు. ఎండువి మింగి నీళ్లు తాగితే లోపలే ఉబ్బి అడ్డం పడ్తయి. ఇట్ల ఎవరు తినమన్నరు ఆమెను?" ఆమె కురుమూర్తి వైపు తిరిగి, "నీ షుగర్ ఎట్లుంది? గోలీలు తప్పకుండ వేసుకుంటున్నవా?" అని అడిగింది.

తలుపు తెరిచే ఉంది. మంచం మీది రేణుకమ్మకు ఆ మాట స్పష్టంగా వినబడింది.

తమ్ముడు లోపలికి రాగానే, బొంగురు గొంతుతో అడిగింది. "షుగర్ ఎప్పటి నుంచి?"

అతను స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. "ఎండకాలం నుంచి. నాయన కాలు తీసేసినప్పుడు కట్లు కట్టింది నువ్వే కదా అక్కా. ఆ పురుగులు, ఆ వాసన. మళ్ల గదే అంటే నువ్ పరేషాన్ అయితవని చెప్పలే. యమునకు నేనే చెప్పొద్దన్న. ఆమె చెప్పుమనే అన్నది."

"పోలెలు బర్రెలకేసింది?"

"నేనే. ఇంట్ల ఉంటే తింట అని."

"ఆమె మొదటోడు?"

"గిదే జబ్బు. పట్టించుకోలేదంట. మూత్రపిండాలు పోయినయి."

రేణుకమ్మ గోడ వైపు తిరిగింది. బయట వరండాలో బల్ల మీద యమున ఒక్కతే కూర్చుని ఉంది, తడి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని.

ఇంటికి వచ్చాక రేణుకమ్మ గొంతు మానేదాకా జావ కాచి ఇచ్చింది యమునే. చల్లార్చి, గ్లాసు చేతికిచ్చి, పక్కన నిలబడకుండా వెళ్లిపోయేది. రేణుకమ్మ రెండుసార్లు మాట కలపబోయింది. "జావ తాగు వదినె, చల్లగైతది," అనే మాట తప్ప యమున నోట మరొకటి రాలేదు. భర్తతో అది కూడా లేదు. రేణుకమ్మ అన్నం తినడం మొదలుపెట్టిన రోజు యమున సంచి సర్దుకుని, "అన్న దగ్గరికి పోతున్న," అని బస్సెక్కింది. కురుమూర్తి బస్టాండు దాకా వెనక నడిచాడు గానీ, ఆపలేదు.

తమ్ముడికి పొద్దున ఏం పెట్టాలో తెలియక రేణుకమ్మ ఆ సాయంత్రం తనే సీసా కడిగింది. ఇన్ని నెలలు కాపలా కాసినట్టు చూసింది కదా, అంతా గుర్తుంది. గింజలు, పెరుగు, తొక్క తురుము, నిమ్మరసం. పిండిన బత్తాయి తొక్కలు రోజూ పెంటమీద కనబడేవి గనుక రసం కూడా పోస్తుందని తెలుసు. యమున దాన్ని ఎప్పుడు పోసేదో మాత్రం చూడలేదు, తెల్లవారే వేళకు తను బర్రెల దగ్గర ఉండేది. రాత్రే పోసేసింది. పొద్దున కురుమూర్తి ఒక చెంచా తిని ముఖం ముడిచాడు. ఆమె కూడా తిన్నది. చేదు. అచ్చంగా ఆనాటి చేదే.

తమ్ముడు తోటకు పోయాక ఫోన్ చేసింది. అవతల యమున ఎత్తింది.

"నేను, రేణుకను. చేదైంది," అంది.

"రసం రాత్రి పోసినవా?"

"పోసిన."

"రాత్రి పోస్తే చేదెక్కుతది వదినె, బత్తాయి గుణమే అంత. పొద్దున పొయ్యాలె, తినే ముంగట. ఆయన ఎప్పుడన్న ఎగిలివారంగనే, చీకటితోనే పోయే రోజుంటే నేను గూడ రాత్రే పోసేదాన్ని. చేదున్నా తినేటోడు."

రేణుకమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని, ఆనాడు వేలితో నాకి చూసిన సంగతి చెప్పింది. బుజ్జమ్మతో అన్న మాటలు చెప్పింది. కోళ్ల సంగతి కూడా చెప్పింది.

"గోలీలు ఏసుకుంటుండా?" అంది చివరికి యమున.

"ఏసుకుంటుండు. నేను ముంగట నిలబడి ఏయిస్తున్న. ఎప్పుడొస్తవ్?"

"తెల్వదు," అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం అక్కా తమ్ముడు బస్సెక్కి కృష్ణా దాటి వెళ్లారు. యమున అన్న వాళ్లింటి ముందు నులక మంచం వేశారు, నీళ్లిచ్చారు. యమున గుమ్మంలోనే నిలబడింది. కురుమూర్తి తల వంచుకుని, "తప్పయింది," అన్నాడు.

"వదినె అనుమానపడ్డది, తెల్వక," అంది యమున. "నేను వచ్చి ఎన్ని దినాలని, నన్ను ఎట్ల నమ్ముతది. నువ్వు గట్ల కాదు. నేను కలిపింది దినాం తిన్నవ్. ఎందుకు తింటున్నవో నీకు ఎరుకనే. అయినా అడిగినవ్."

"అక్క సస్తదేమో అని భయమైంది. ఆ భయంల ఎవరినో ఒకరిని అనాలనిపించింది."

"దగ్గర నేను దొరికిన."

అతను ఔనన్నాడు. అంతకన్నా చెప్పుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు, చెప్పుకోలేదు కూడా. అది చూశాకే యమున ముఖం కొంచెం సడలింది. రేణుకమ్మ లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా ఇంటికి రమ్మనను. అది నీ ఇల్లే. నేను నీ మీద పెట్టిన చూపు తీసేస్త, గంతే చెప్పగలుగుత."

యమున వెంటనే రాలేదు. మధ్యాహ్నం అందరికీ రొట్టెలు చేసింది, అన్న పిల్లలకు తలలు దువ్వింది. పొద్దు వాలుతుండగా సంచి తీసుకుని బయటికి వచ్చింది.

తిరుగు బస్సులో ఆమె భర్త పక్కన కూర్చోలేదు. అతను వెనక సీటులో ఉన్నాడు. రేణుకమ్మ జరిగి చోటిస్తే ఆమె పక్కనే కూర్చుంది. బస్సు వంతెన మీదికి ఎక్కాక అడిగింది.

"వదినె, నీకు దూప ఎక్కువైతదా, ఊర్కె నీళ్లు తాగుతవా? రాత్రి లేస్తవా?"

"లేస్త. ఈ వయసుల అందరు లేస్తరు."

"నాయనకుండె, తమ్మునికుంది. నువ్ ఎన్నడన్న పరీక్ష చేయించుకున్నవా?"

"నాకేం లేదు."

"లేదని ఎట్ల తెల్సు?"

రేణుకమ్మ కిటికీ అవతల ఏటి నీళ్ల వైపు చూస్తూ, ఈ మధ్య తన కాళ్లు ఎందుకు తిమ్మిరెక్కుతున్నాయో మొదటిసారి ఆలోచించడం మొదలుపెట్టింది.